అరవై ఏడు మిల్లీమీటర్లు

ఆ ఏడాది దసరాకి రెండు రోజుల ముందు నేను ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి మా అమ్మ పెరట్లో పీట వేసుకుని ఇత్తడి సామాను తోముతోంది. బిందెలు, కుందులు, హారతి పళ్ళెం, గంట. ఏటా ఉండేదే. తోమినవన్నీ గట్టు మీద ఆరబెట్టి ఉన్నాయి. వరస చివర, కుందుల పక్కన, కొత్త బంగారంలా మెరిసిపోతూ నా రైలింజను.

బాయిలరు మీద రివెట్ల సందుల్లో చింతపండు పిప్పి ఇంకా ఇరుక్కునే ఉంది.

"ఏంటమ్మా ఇది!" అని అరిచాను.

"ఇత్తడే కదా అని తోమేను. నల్లగా ముసురుకుపోయి ఉంది. పండగ పూట ఇంట్లో చిలుం పట్టిన ఇత్తడి ఉంచుకుంటారేటి?"

ఇత్తడి ఇంజన్లు పోగుచేసేవాళ్ళ లోకం వేరు. అక్కడ వేలు తగలడమే నేరం. రంగు వేయని ఇత్తడి నమూనా మీద తయారీలోనే పలచగా వార్నిష్ పూస్తారు. ఆ పూత చెదరకుండా, అట్టపెట్టె చిరగకుండా, పెట్టెలో నురుగుముక్క కూడా పాతదే అయి ఉంటేనే దానికి ధర. నా ఇంజను మీద ఆ పూత చింతపండు పులుపుకీ కొబ్బరి పీచుకీ సగం లేచిపోయింది. రెండు నెలల జీతం పెట్టి కొన్న వస్తువు. నోటికొచ్చినట్టు మాట్లాడాను. అమ్మ ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని లేస్తూ ఒక్క మాట అంది:

"మీ తాత రంగంలో పదమూడేళ్ళు చేసింది ఈ పనే. ఆయన్నెవరూ తిట్టలేదు."

రంగం అంటే రంగూన్. ఇప్పటి యాంగోన్. మా శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్ళల్లో ఆ ఊరికి అదే పేరు. అమ్మ అన్న మాటకి అర్థమేమిటని నేను ఆ పూట అడగలేదు. వార్నిష్ మళ్ళీ ఎలా పూయించాలా అన్న చింతలో ఉన్నాను.

ఈ పిచ్చి నాకు జపాన్‌లో అంటుకుంది. ఉద్యోగం పని మీద టోక్యో వెళ్ళినప్పుడు ఒక పాత సామాను దుకాణం అద్దంలో చూశాను: అరచేతిలో పట్టే ఇంజను, లోపల డ్రైవరు తిప్పే చక్రాలూ మీటలతో సహా. బొమ్మ అనడానికి నోరు రాలేదు. యుద్ధం అయ్యాక జపాన్‌లో ఉన్న అమెరికా సైనికులు వీటిని కొనడం మొదలుపెట్టారు. గింజాలోని తెన్షోదో లాంటి దుకాణాలు, కత్సుమి లాంటి తయారీదార్లు ఆ గిరాకీ మీదే నిలదొక్కుకున్నారు. తర్వాత కొన్నాళ్ళకి ఈ చేతిపని కొరియాకి తరలింది. రేకుని ఆమ్లంలో తినిపించి గీతలూ రివెట్లూ తేలుస్తారు. రేకుముక్కలని టంకంతో మాటు వేసి అతుకుతారు. గంట, పంపు, లాంతరు లాంటి చిన్న భాగాలని మాత్రం మైనంతో అచ్చు చేసి, దాని చుట్టూ గట్టి పూత పోసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. మన ఆదిలాబాదు ఓజాలు డోక్రా బొమ్మలకి చేసేదీ ఇదే. వాళ్ళు తేనెమైనం తీగలు తీసి మట్టి ముద్ద మీద చుడతారు, వీళ్ళు రబ్బరు అచ్చులో మైనం పోస్తారు. అంతే తేడా. ఈ పోలిక తట్టిన రోజున ఇది పరాయి వ్యసనం కాదులే అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. మా జిల్లాలోనే, సారవకోట మండలం బూడితిలో, తరతరాలుగా ఇత్తడి కొట్టేవాళ్ళున్నారు కదా!

ఏ ఊరివాడు ఏ ఇంజను కొంటాడు? ఎవడి చిన్నతనం వాడు కొంటాడు. అమెరికావాడికి వాడి ఊరి మీదుగా పోయిన బండి కావాలి. జపాన్‌వాడికి వాడిది. నాకు బర్మా ఇంజను కావాలనిపించింది. తాతయ్య రంగంలో రైలు షెడ్డులో పనిచేశాడు. ఆ షెడ్డు ఇంజను. 1877 మేలో రంగూన్ నుంచి ప్రోమ్ దాకా 161 మైళ్ళు తొలి బండి నడిచిన దేశం. మీటర్ గేజి మీద పసిఫిక్‌లు, మికాడోలు, కొండల మీదికి రెండు ఇంజన్లని ఒక బాయిలరుకి తగిలించినట్టుండే గారట్లు, ఇన్ని రకాల ఇంజన్లు తిరిగాయి. నేను వెతికినంత మేర వాటిలో ఒక్కదాన్నీ ఇత్తడిలో ఎవరూ చేయలేదు. ఎవరు చేస్తారు? కొనడానికి డబ్బున్న బర్మా బాల్యం ఎక్కడుంది?

అప్పుడు కంటబడింది సి56. ముందు ఒక జత చిన్న చక్రాలు, వెనక మూడు జతల పెద్ద చక్రాలు, వెనక్కి నడిపేటప్పుడు దారి కనబడాలని రెండు వైపులా చెక్కేసిన టెండరు, అంటే బొగ్గూ నీళ్ళూ మోసే పెట్టె. ముద్దుగా ఉంటుంది. 1935 నుంచి 1939 దాకా జపాన్‌లో కట్టారు, వాళ్ళ కొండ ప్రాంతాల శాఖా మార్గాల కోసం. వాటిలో 1 నుంచి 90 నంబరు దాకా మొత్తం తొంభై ఇంజన్లని యుద్ధకాలంలో సైన్యం తీసుకుని థాయిలాండ్‌కీ బర్మాకీ ఓడల్లో పంపింది. అంటే బర్మాలో తిరిగిన ఇంజనుకి ఇత్తడి నమూనా దొరుకుతోందన్నమాట. కొన్నాను. అద్దాల బీరువాలో పెట్టి కింద చీటీ రాశాను: "సి56, బర్మా రైల్వేస్."

ఇక్కడ మా చిన తాత సంగతి చెప్పాలి. తాతయ్య తమ్ముడు. ఇద్దరూ కలిసే రంగం వెళ్ళారు, 1929లో. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరే అక్కడ తెలుగు కూలీకి కులం పేరయి కూర్చున్న రోజులు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. 1930 మేలో ఓడరేవు తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన కొట్లాటల్లో అన్నదమ్ములిద్దరూ రెండు రోజులు షెడ్డులో దాక్కున్నారట. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఊరి మీద బాంబులు వేశాయి. తాతయ్య ప్రోమ్ దాకా రైల్లో, అక్కణ్ణుంచి అరకాన్ కొండలు దాటి తౌంగుప్‌కి నడిచి, పడవలో అక్యాబ్, మళ్ళీ చిట్టగాంగు, ఇలా విశాఖ చేరాడు. తోవ పొడుగునా కలరా. చిన తాత రాలేదు. ఒక నెల జీతం రావలసి ఉంది, అది పుచ్చుకుని వస్తానని ఆగిపోయాడు. యుద్ధమయ్యాక తిరిగొచ్చినవాళ్ళెవరో ఒక మాట మోసుకొచ్చారు: "వాడు జపానోళ్ళ రైలు పనికి పోయేడు."

ఆ మాట మా ఇంట్లో అలాగే ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ నా లెక్కలో చిన తాత రైల్వే ఉద్యోగి. టోపీ, కోటు, చేతిలో జెండా. సి56 కొన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ టోపీయే.

2016లో కంపెనీ నన్ను మూడేళ్ళకి యాంగోన్ పంపింది. మా ఇంట్లో అందరూ "రంగం వెళ్తున్నాడు" అని చెప్పుకున్నారు. దిగిన మొదటి ఆదివారమే పెద్ద స్టేషన్‌కి పోయాను. పాత స్టేషను యుద్ధంలో పోయింది. ఇప్పుడున్నది 1954లో పూర్తయిన కట్టడం, గోపురాల మీద గోపురాలతో పగోడాలా ఉంటుంది. దానికి కాస్త దూరంలో ఎర్ర ఇటుకల పాత రైల్వే ప్రధాన కార్యాలయం. సర్క్యులర్ రైలుకి టిక్కెట్టు అప్పట్లో 200 క్యాట్లు. ఊరి చుట్టూ 46 కిలోమీటర్లు తిరిగి మొదలెక్కిన చోటే దింపేది, మూడు గంటలు పట్టేది. కిటికీలోంచి తోటకూర మడులు, బట్టలారేసిన పట్టాలు, తనకా చెట్టు గంధం పూసుకున్న చెంపలు. దారిలో ఇన్‌సీన్ వస్తుంది. రైల్వే వర్క్‌షాపు ఉన్న ఊరు. దేశానికంతటికీ తెలిసిన జైలు కూడా అక్కడే. బర్మాలో ఆవిరి ఇంజన్లు ఇరవై ఒకటో శతాబ్దంలోకి కూడా బతికే వచ్చాయిగానీ నేను వెళ్ళేసరికి పట్టాల మీద డీజిలు తప్ప ఏమీ లేదు.

కొన్ని పెట్టెల తలుపుల మీద జపాన్ అక్షరాలు అలాగే ఉన్నాయి. జపాన్‌లో వాడి వదిలేసిన డీజిలు బళ్ళు అవి. నా చూపు చక్రాల మీదికి పోయింది. జపాన్ గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, 1067 మిల్లీమీటర్లు. బర్మాది 1000. ఆ బళ్ళు ఇక్కడ నడవాలంటే చక్రాలని 67 మిల్లీమీటర్లు లోపలికి సర్దాల్సిందే. సరిగ్గా నా సి56లకి అప్పుడు చేసినట్టు! పిల్లాడిలా సంబరపడ్డాను.

ఆ 67తో నాకు పాత తగువు ఉంది. జపాన్ నమూనాలు ఎక్కువగా 1:80 నిష్పత్తిలో చేస్తారు, 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద. లెక్క కట్టండి: ఆ పట్టాలు అసలు కొలతలో 1320 మిల్లీమీటర్లకి సమానం. అంటే జపాన్ ఇంజను తనకి లేని వెడల్పు మీద నడుస్తుంది. దీన్ని భరించలేనివాళ్ళు 1:87 నిష్పత్తిలో 12 మిల్లీమీటర్ల పట్టాలకి మారారు. అది అసలు కొలతలో 1044. జపానూ కాదు, బర్మా కాదు. రెండింటి నడుమ ఏ దేశానికీ చెందని గేజి. ఈ ముచ్చట మీద తోటి పిచ్చివాళ్ళతో రాత్రుళ్ళు వాదించాను. 1:80లో 67 అంటే 0.84 మిల్లీమీటరు. మూడు పోస్టుకార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. ఆ మందం సరిచేయించడానికి నా ఇంజను చక్రాలు లోపలికి కొట్టించాలని కూడా ఒక దశలో అనుకున్నాను. బర్మా ఇంజను బర్మా వెడల్పులోనే ఉండాలి కదా అని.

ఇన్‌సీన్‌లో ఒక టీ దుకాణంలో ఎనభై దాటిన తెలుగాయన పరిచయమయ్యారు. అక్కడే పుట్టారు. 1964 జాతీయకరణ అప్పుడు లక్షల మంది వెళ్ళిపోతున్నా వెళ్ళలేదు. ఆయన తెలుగు మా నాయనమ్మ తెలుగు, మధ్యలో బర్మా మాటలు కంకర్రాళ్ళలా తగులుతూ. నా ఫోన్లో ఇంజను ఫొటోలు చూపించి, మా చిన తాత కూడా జపాన్ వాళ్ళ కాలంలో రైల్వేలో పనిచేశాడండీ అన్నాను, కొంచెం గొప్పగానే.

ఆయన సాసరులో టీ పోసుకుంటూ ఆగారు. "రైల్వేలోనా బాబూ? ఎవులు చెప్పేరు?"

"జపానోళ్ళ రైలు పనికి పోయాడని..."

"పోడమేటి. పట్టుకుపోయేరు. మా నాన్న రెండు నెలలు అటక మీదే పడుకున్నాడు, దొరక్కుండా. చెమట దండు అని పేరు దానికి, బర్మా మాటలో. పోయినోళ్ళని మా వీధిలో లెక్కెట్టేరు. వచ్చినోళ్ళని లెక్కెట్టడానికి వేళ్ళు చాలా ఎక్కువైపోయేయి."

సాసరులో టీ ఊదుకుని తాగారు. మళ్ళీ ఫోను చూడలేదు.

ఆ రైలు పని అంటే థాయిలాండ్ నుంచి బర్మాలోని తన్‌బ్యూజయాత్ దాకా 415 కిలోమీటర్ల మార్గం వేయడం. జపాన్ సైన్యం 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరులో రెండు కొసలూ కలిపింది. అరవై వేల మంది యుద్ధఖైదీలు, వాళ్ళకి ఎన్నో రెట్లు ఆసియా కూలీలు. మలయా తోటల నుంచి తమిళులు, తెలుగులు, మలయవాళ్ళు. బర్మా ఊళ్ళ నుంచి చెమట దండు. ఖైదీలు పన్నెండు వేలకు పైగా చనిపోయారు. కూలీల సంగతి అంచనాలే, అవి తొంభై వేల దగ్గర మొదలవుతాయి. పుస్తకాల్లో దాని పేరు మరణ రైలుమార్గం. ఇవేవీ నాకు తెలియనివి కావు. ఆ మార్గంలోని ఒక వంతెన మీద తీసిన సినిమా నేనూ చూశాను. సినిమాలో ఉన్నది తెల్ల సైనికులు కాబట్టి అది వాళ్ళ కథ అనుకున్నాను. మా ఇంటి వాక్యం ఒక అరలో, ఈ చరిత్ర ఒక అరలో, సి56 బీరువాలో. మూడూ ఒకటేనని తెలియడానికి ఇన్‌సీన్‌లో ఒక టీ కావలసి వచ్చింది.

ఇంకొకటి ఒప్పుకోవాలి. టోక్యోలో యసుకుని గుడి పక్కనున్న యూషూకాన్ మ్యూజియంలో అసలు సి56 ఉంది, 31వ నంబరు. 1943లో ఆ మార్గం ప్రారంభోత్సవంలో నిలిచిన ఇంజను, 1979లో థాయిలాండ్ నుంచి తిరిగి తెచ్చుకున్నారు. నమూనా కొన్న మర్నాడే వెళ్ళి చూశాను. టెండరు కోత ఏ కోణంలో ఉందో బాగా వంగి చూశాను. నలభై ఫొటోలు తీశాను. పక్కన వివరాల పలక ఉంది. ఫొటోల్లో దాని అంచు కూడా పడింది. చదవలేదు. రివెట్లు లెక్కపెడుతున్నాను.

2018లో తన్‌బ్యూజయాత్ వెళ్ళాను. యాంగోన్ నుంచి మోల్మీన్ దాకా రైలు, ఆ తర్వాత రోడ్డు. అక్కడ మ్యూజియం దగ్గర ఒక సి56 నిలబెట్టి ఉంది. పెద్ద చక్రం 1400 మిల్లీమీటర్లు, నా ఛాతీ దాకా వచ్చింది. నా బీరువాలో అది 17.5 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తామంత. చక్రం మీద చెయ్యి వేశాను. ఎండకి కాలింది. చక్రం లోపలి అంచు దగ్గర వంగి, ఆ 67 మిల్లీమీటర్లు ఎక్కడ సర్దారో చూద్దామని అలవాటు కొద్దీ తల పెట్టాను. తీసేశాను. ఆ ఇంజన్ని ఈ దేశంలోకి తేవడానికి చక్రాలు సర్దితే సరిపోయింది. దాని ముందు పట్టాలు ఉండాలి, పట్టాల కింద కట్ట ఉండాలి, కట్ట కింద మట్టి మోసినవాడు ఉండాలి. నేను పదేళ్ళు వాదించిన గేజి అక్కడ మొదలైంది.

ఊళ్ళో యుద్ధ శ్మశానం ఉంది. మూడు వేలకు పైగా సమాధులు, పచ్చిక కత్తిరించి, ఒక్కొక్క పలక మీద పేరు, దళం, వయసు. ఇరవై మూడు, ఇరవై ఆరు, పంతొమ్మిది. చిన తాతకి అప్పుడు ముప్పై దాటి ఉండాలి. తెలుగు పేరు కనబడుతుందేమోనని ఒక గంట తిరిగాను. అది ఎందుకు వెతికానో నాకే తెలియదు. కూలీల జాబితా ఎవరూ రాయలేదని అప్పటికే తెలుసు. ఆయన అక్కడికే చేరాడని రుజువు చూపమంటే నా దగ్గర ఉన్నది ఒక్క వాక్యమే.

2019లో ఇంటికొచ్చాక అమ్మని అడిగాను. పదేళ్ళ కిందట పెరట్లో అడగవలసినది.

తాతయ్య షెడ్డులో క్లీనరు. షెడ్డు నిచ్చెనలో అట్టడుగు మెట్టు అది. క్లీనరు ఫైర్‌మన్ అవ్వాలి, ఫైర్‌మన్ డ్రైవరవ్వాలి. ఆయన పదమూడేళ్ళూ మొదటి మెట్టు మీదే ఉన్నాడు. రాత్రి షెడ్డుకి వచ్చిన ఇంజను మసి, నూనె జిడ్డు వేస్టుగుడ్డతో తుడవాలి. ఇత్తడి నంబరు పలకల్నీ గొట్టాల మూతుల్నీ ఇటికపొడితో తోమాలి. తెల్లారి బండి కట్టే వేళకి దొర దీపం పట్టుకుని చూసేవాడట. చింతపండు ఆయనే అమ్మకి నేర్పాడు. ఇటికపొడి గీతలు పెడుతుందమ్మా, ఇంటి సామానుకి వద్దు అని. ఇవన్నీ ఆయన కోడలికి చెప్పాడు. మనవడికి చెప్పలేదు, మనవడు అడగలేదు. ఆయన పోయేనాటికి నాకు పద్దెనిమిదేళ్ళు, అడిగే వయసే.

"మరి చిన తాత?"

"ఆయన సంగతి మావయ్యగారు ఎప్పుడూ అదొక్క మాటే అనేవోరు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టినప్పుడు చినమావయ్య పేర పంచె పెట్టనిచ్చేవోరు కాదు. పనికి పోయినోడికి పెద్దల్లో పెట్టడమేటి అనేవోరు."

అంటే తాతయ్యకి తెలుసు. ఆ 'పని' అన్న మాటని ఆయనే పట్టుకుని కూర్చున్నాడు. అది నాకు టోపీ, కోటు, జెండా అయింది.

బీరువాలో చీటీ మార్చాను. "బర్మా రైల్వేస్" కొట్టేసి, "జపాన్ సైన్యం, 1942" అని రాశాను. చక్రాలు లోపలికి కొట్టించే ఆలోచన మానుకున్నాను. ఇంజను మాత్రం ఏటా దసరాకి బీరువాలోంచి బయటికి వస్తుంది, అమ్మే తోముతుంది. వార్నిష్ ఎప్పుడో మొత్తం పోయింది. కుడివైపు బాయిలరు మీద రివెట్లు వేలికి తగలడం లేదు. ఇలాంటివి సేకరించే ఒకాయన చూసి, దీన్ని ఇక ఎవరూ కొనరండీ అన్నాడు. అమ్మే ఉద్దేశం లేదు.

ఈ జనవరిలో పెద్దలకి బట్టలు పెట్టినప్పుడు ఒక పంచె ఎక్కువ కొన్నాము.

విశాఖ బర్మా క్యాంపులోనో, శ్రీకాకుళం పల్లెల్లోనో మీ ఇంటి ట్రంకుపెట్టెలో రంగం షెడ్డు ముందు దిగిన పాత ఫొటో ఏదైనా ఉంటే, పారెయ్యకండి. ఇంజను సగమే పడినా పరవాలేదు. పక్కన నిలబడ్డవాళ్ళ మొహాలు తెలిస్తే చాలు. వెనక పేర్లు రాసి ఉంటాయేమో చూడండి. లేకపోతే గుర్తుపట్టేవాళ్ళు ఇంట్లో ఇంకా ఉండగానే రాయించండి.